రెండు పాటలు, ఒక ఫైటు

మొన్న వంకాయలు తరుగుతూ వేలు కోసుకున్నాను. పెద్ద గాయమేమీ కాదు గానీ, రక్తం చూస్తే వీధంతా వినబడేలా అరిచే రకం నేను. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆదోనిలో మా సందు చివరి కాంపౌండరు దగ్గరికి నడిపించుకుపోయాడు. కాంపౌండరు దూదితో టించరు అయోడిన్ అద్దబోయాడు. నేను చెయ్యి లాక్కున్నాను. రెండు చుక్కలు చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. ఆ పొద్దున్నే గంజి పెట్టి, మడత నలగకుండా కట్టుకున్న నేత చీర. ఎర్రగా పడిన చుక్కలు మేం చూస్తుండగానే నల్లటి నీలానికి తిరిగాయి.

కాంపౌండరు బెదిరిపోయి సీసా ఎత్తి వాసన చూశాడు. "ఇదేందమ్మా, నా మందు సెడిపోయిందా ఏంది?"

"మందు బాగానే ఉందన్నా. నా చీరే ఫెయిలైంది" అన్నాను.

అనేసి నవ్వడం మొదలుపెట్టాను. మా ఆయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. కాసేపటికి చూస్తే నేను ఏడుస్తున్నాను. వేలు నొప్పి అనుకుని కాంపౌండరు ఇంకాస్త టించరు పోశాడు.

బూజు సార్ పోయాడని కార్డు ముక్క వచ్చి అప్పటికి పదిహేను రోజులు. కార్డు చదివిన రోజు నాకు ఏడుపు రాలేదు. "పాపం" అనుకున్నాను, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పరిగెత్తాను. ఆ మచ్చ చూశాకే ఆయన లేడన్న సంగతి లోపలికి దిగింది.

ఆయన పేరు రాయను. ఎమ్మిగనూరులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు నేను కొత్తగా పిలిస్తే, ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు.

ఎమ్మిగనూరులో మాది నేత ఇల్లు. లోపల మగ్గం, ముందు ఒక గది. ఆ గది అద్దెకు కావాలని ఒక సాయంత్రం ఆదోని బస్సు దిగి వచ్చాడు. అక్కడి నూనె మిల్లులో వేరుశనగ చెక్క పరీక్ష చేసే పని మానేశానన్నాడు. సామాను మా అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. ఒక ట్రంకు పెట్టె, ఒక ప్రెషర్ కుక్కరు, నలభై దాకా సాసర్లు.

"కప్పులు యాడ సార్?" అంది అమ్మ.

"కప్పులతో నాకేం పనమ్మా?"

మర్నాటి నుంచీ వీధిలో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. గడప బయట నిలబడి, చేతులు కట్టుకుని, పెళ్లి పిలుపుకి వచ్చినంత మర్యాదగా అడిగేవాడు. "అమ్మా, మీ ఇంట్లో ఏమన్నా బూజు పట్టిందా?"

ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది చెప్పండి? "మా ఇంట్లో బూజేందయ్యా! నీ కంటికి మేం ఎట్ల కనబడతాండాం?" అని తలుపు వేసేవాళ్లు. చీకటి పడే వేళకు వాళ్లే కొంగు చాటున పాత ఊరగాయో, మొన్నటి జొన్నరొట్టో తెచ్చి, "మాది కాదు సార్, పక్కింటోళ్లది" అని ఇచ్చి పోయేవాళ్లు. ఆయన రెండు చేతులా అందుకునేవాడు.

ఆయన నోట చెడిపోయింది అన్న మాట నేను వినలేదు. మా అమ్మ సద్ది పారబోస్తూ "సెడిపోయింది" అంటే, "సెడిపోలేదమ్మా, వేరేవాళ్లు తింటాండారు" అనేవాడు. మా నాయన అన్నం ముందు ఆ మాట విని చెయ్యి కడుక్కుని లేచిపోయిన రోజులున్నాయి.

పొద్దున్నే ఆయన కుక్కరు మూడు విజిళ్లు వేసేది. సారు రోజూ పప్పు వండుకుని తింటాడని వీధంతా కుళ్లుకునేది. ఆ కుక్కర్లో ఏనాడూ పప్పు ఉడకలేదు. సాసర్లు ఉడికేవి, గంజి ఉడికేది. ఆయన తిండి మా ఇంటి జొన్నరొట్టె, పచ్చికారం.

ఆయనకు కావాల్సిందేమిటో ఎవరికీ తెలియదు గానీ నాకు తెలుసు. ఏడో తరగతి అయ్యాక నన్ను బడి మాన్పించారు. ఎనిమిదో తరగతి ఆయన సాసర్లలో చదివాను అనుకోండి. సంగతి ఇది. నేసేటప్పుడు పోగు తెగకుండా పడుగుకు గంజి పట్టిస్తారు. నేత అయ్యాక బట్టకు రంగు వేయాలంటే ఆ గంజి పోవాలి, పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. మా వీధి చివర రంగుల చాచా బట్టను తొట్లో నీళ్లలో మూడు రోజులు నానేసేవాడు. నీళ్లు పులిసి, గంజి కుళ్లి ఊడేది. ఆ మూడు రోజులూ గాలి మా వైపు తిరిగితే మేం ముక్కు మూసుకునే మాట్లాడుకునేవాళ్లం. ఒక్క పూట ఎక్కువ నానిందా, గంజితో పాటు బట్టా పోయేది. మా నాయన నేసిన దుప్పట్లు ఒకసారి తొట్లోంచి జల్లెడలై వచ్చాయి. ఆయన వాటిని మగ్గం మీద పరిచి, కంతల్లోంచి వేళ్లు పెట్టి చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ గంజిని తినేది బూజులాంటివే పాపా" అన్నాడు బూజు సార్ నాతో. "దానికి నోరు లేదు, పండ్లు లేవు. బయటికి ఉమ్ముతాది. ఆ ఉమ్ము గంజిని కరిగిస్తాది. కరిగినాక తాగుతాది. నాకు కావాల్సింది ఆ ఉమ్ము. శానా ఉమ్మేది ఒకటి దొరికితే మూడు రోజుల పని ఒక పూటలో అయితాది."

ఈ మాట చాచా చెవిన పడింది. ఆ తర్వాత సారు ఎదురైతే చాలు. "ఏం సాబ్, ఉమ్మితో బట్టలు ఉతుకుతావంట? మా బేగం మీద నాకు అంతకంటే ఎక్కువ నమ్మకముంది. ఆమె ఉమ్మితే నేనే కరిగిపోతా!"

సారు కోపం తెచ్చుకునేవాడు కాదు. "ఆమె ఆకలి ఎంత?" అని అడిగేవాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

అన్ని ఇళ్ల బూజులూ పరీక్ష చేశాడు. చివరికి గెలిచింది మా ఇంటిదే. మగ్గం పక్కన గంజి కుండ అంచుకు పట్టిన పచ్చటి బూజు. మా అవ్వ ఆ సంగతి పదిమందికి చెప్పుకుంది. "అంత ఊర్లో మా కుండదే ఫస్టు!"

పరీక్ష ఎలాగంటే, గంజిలో చైనా గ్రాసు అనే సముద్రపు నాచు వేసి ఉడికించి, సాసర్లో పోసి గడ్డకట్టించేవాడు. మధ్యలో బూజు చుక్క పెట్టేవాడు. నాలుగు రోజులకు టించరు పోసేవాడు. గంజి ఉన్నచోటల్లా నల్లటి నీలం. బూజు తినేసినచోట తెల్లగా గుండ్రం. గుండ్రం ఎంత పెద్దదైతే అంత ఉమ్ము. కొలవడానికి స్కేలు వాడేవాడు కాదు. మా అమ్మ మెట్టె అడిగేవాడు. మెట్టె సైజుకు వస్తే ఫెయిలు. ఉంగరం సైజుకు వస్తే పాస్. పక్కింటి పసిపిల్ల గాజు సైజుకు వస్తే ఫస్టుక్లాసు. ఆ పిల్ల తల్లి రోజూ గాజు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చేది.

టించరు పోస్తే బూజు చచ్చిపోతుంది. అందుకని పోసే ముందు దాంట్లోంచి ఒక నలుసు తీసి వేరే గొట్టంలో పెట్టి, ఆదోని దూది బిరడా బిగించేవాడు. "పరీక్ష పెట్టే ముందు కాపీ తీసి పెట్టుకోవాల పాపా" అనేవాడు. బడిలో నేను కాపీ కొట్టి దెబ్బలు తిన్నదాన్ని. ఆ మాట నాకు భలే నచ్చింది.

సాసరు మూత తీసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. నోట్లోంచి ఏదైనా పడుతుందని. చుట్టూ ఉన్నవాళ్లు కూడా బిగబట్టాలి. వేలు పైకెత్తి "ఊపిరి!" అంటే అందరం ఆగిపోవాలి. కనుబొమలతో మాట్లాడేవాడు. ఒక కనుబొమ లేస్తే చెమ్చా, రెండు లేస్తే మూత. అలవాటై, ముఖ్యమైన మాట ఏది వచ్చినా ఊపిరి బిగబట్టేవాడు. అద్దె ఇచ్చే రోజు కూడా ముఖం ఎర్రబడేదాకా బిగబట్టి ఇచ్చేవాడు. ఇవ్వడం ఇష్టం లేదేమో అనుకునేది అమ్మ.

ఇక టూరింగ్ టాకీస్ సంగతి. నవ్వకండి.

మా గంజికుండ బూజు ఉంగరం దాటి పెరగలేదు. దాన్ని ఇంకా మెరుగు చేయాలి. అందుకు దానికి ఒక దెబ్బ తగలాలన్నాడు. మామూలు దెబ్బ కాదు, వెలుగు దెబ్బ. డేరా హాల్లో సినిమా యంత్రం లోపల రెండు బొగ్గు కడ్డీల మధ్య మండే తెల్లటి వెలుగు ఉండేది కదా, అలాంటిది. ఆపరేటరును ఎలా ఒప్పించాడో గానీ, మాట్నీకి సాసర్లు పట్టుకుని యంత్రం గదికి పోయేవాడు. నేను తోడు. మా అమ్మ పంపడానికి కారణం నేను సినిమా ఊరికే చూసి వచ్చి కథ చెప్తానని.

ఆపరేటరు యంత్రం పక్క తలుపు కాస్త తెరిచేవాడు. సార్ సాసరు మూత తీసి ఆ వెలుగుకి పట్టేవాడు. ఆ వెలుగు చూస్తే కళ్లు పోతాయట. కళ్లు మూసుకుంటే గడియారం కనబడదు. అందుకని టైము చెవులతో లెక్కపెట్టేవాడు. ఒక పాటంత సేపు ఒక సాసరు. రెండు పాటలంత సేపు ఇంకొకటి. పాటల మధ్య మాటలుంటే మూత పెట్టేసేవాడు.

"ఏమవుతాది సార్ దానికి?" అని అడిగాను.

"శానా సస్తాయి. బతికినవాట్లో ఒకటో రెండో తిక్కవి అయితాయి. వాటి లోపల రాసుండే రాతలో యాడనో ఒక అక్షరం సెరిగిపోతాది. శానాసార్లు నష్టమే. ఎప్పుడో ఒకసారి మాత్రం ఉమ్ము ఆపేది మరిచిపోతాది. ఆ తిక్కదే మనకు కావాల."

"అది పుట్టిందని ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు. అన్నిటికీ గంజి పెట్టి సూడాల్సిందే."

ఎన్ని సినిమాలు మారాయో, ఎన్ని సాసర్లు కడిగానో. ఆ సినిమాల్లో పాటలు తప్ప నాకు కథలు గుర్తు లేవు. ఒక ఎండాకాలం మాట్నీలో రెండో పాట అయిపోయినా ఆయన మూత వేయలేదు. పాట వెంటనే ఫైటు వచ్చింది. నేల క్లాసులో ఈలలు. ఆ గోలలో పాట అయిందని ఆయనకు తెలియలేదు, ఫైటు అంతా పట్టుకునే నిలబడ్డాడు. "అయిపాయె, అన్నీ సచ్చినాయి" అనుకుంటూ ఇంటికి వచ్చాం.

అన్నీ చావలేదు. ఒకటి మిగిలింది.

నాలుగు రోజులకు టించరు పోసిన పూట నాకు నిన్నటిలాగే ఉంది. మెట్టె పెట్టాడు. ఉంగరం పెట్టాడు. పసిపిల్ల గాజు పెట్టాడు. తెల్ల గుండ్రం దాన్ని దాటి పోయింది. ఆయన తలెత్తి నా చేతి వైపు చూశాడు, కనుబొమలు రెండూ పైకి లేపి. నేను గాజు తీసి ఇచ్చాను. సాసరు మీద పెట్టాడు.

"నూలుపోగంత తక్కువ" అన్నాడు, ఊపిరి వదిలి.

దాని పేరు 'రెండు పాటలు, ఒక ఫైటు'. ట్రంకు పెట్టెలో గొట్టాల మీద అదే రాసి అతికించాడు. దాన్ని తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద మీద పెంచి, నీళ్లు పోసి వడగడితే గోధుమ రంగు నీళ్లు దిగేవి. చాచా పాత గుడ్డ ముక్క ఒకటి ఆ నీళ్లలో పొద్దున వేసి, మధ్యాహ్నం తీసి చూసి, నోట్లో ఆకు తీసి పక్కన పెట్టాడు. "సాబ్, నేను ఏమన్నా అనింటే మాఫ్ చెయ్" అన్నాడు.

అప్పటికి సార్‌కు గడువు దగ్గర పడింది. దేవనకొండ దగ్గరి పల్లె నుంచి వాళ్లన్న ఉత్తరం రాశాడు. ఏండ్లు గడిచాయి, ఈ బూజులు చాలించు, దసరా అయ్యాక వచ్చి చేను చూసుకో, అని. సార్ మాట ఇచ్చాడు. ఈ దసరాకు దారి దొరక్కపోతే వచ్చేస్తానని. ఆ దారి ఆదోనిలో ఒక సాహుకారు. ఊరి బయట బట్టలకు రంగులేసే షెడ్డు ఉంది ఆయనకు. ఆయన వచ్చి చూసి మెచ్చితే ఆ షెడ్డులో చోటు, జీతం. మెచ్చకపోతే చేను, ఎద్దులు.

సార్ ముందుజాగ్రత్త మనిషి. ఆ వానాకాలమే తుంగభద్ర ఇసుక తెచ్చి, వేయించి, ఆరబెట్టి, అందులో ఈ బూజు గింజల్ని కలిపి, హోమియో గోళీల సీసాలో పోసి మైనం మూసి మా అవ్వకు ఇచ్చాడు. ఇంట్లో ఏదీ పోగొట్టని మనిషి ఆవిడే మరి.

"అవ్వా, ఇది బద్రం. నా పానం దీంట్లో ఉంది" అన్నాడు, ఊపిరి బిగబట్టి.

మహర్నవమి రోజు పొద్దున్నే సార్ సాహుకారును పిలవడానికి ఆదోని బస్సెక్కాడు. ఇంట్లో ఆయుధపూజ. మగ్గానికి, పేక పోగు వేసే నాడెకు, రాట్నానికి పసుపు కుంకుమలు పెట్టాం. కత్తెరకూ పెట్టాం. నాయన సైకిలుకు నిమ్మకాయ కట్టాడు. నాకు సార్ గది గుర్తొచ్చింది. పాపం, అందరి పనిముట్లూ పూజ చేసుకుంటున్నాయి, ఆయనవి మాత్రం ట్రంకు పెట్టెలో మగ్గుతున్నాయి. ఇంకొన్ని రోజుల్లో ఆయన బతుకు తేలిపోతుంది. అమ్మవారు చల్లగా చూడొద్దా?

తలస్నానం చేసి, తడి జుట్టుతోనే, పళ్లెం పట్టుకుని పోయాను.

సార్ మర్నాడు సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. సాహుకారు ఒప్పుకున్నాడు. వచ్చే గురువారం వదిలి ఆపై గురువారం మంత్రాలయం దర్శనానికి పోతూ మా ఊళ్లో దిగుతాడు. ఆ మాట చెప్తూనే గది తలుపు తీశాడు.

"పాపా" అన్నాడు. "ఇట్ల రా."

పోయాను.

"ఈ బొట్లు ఎవరు పెట్టినారు?"

"నేనే సార్."

"మూత తీసి పెట్టినావా?"

"తీసే సార్. మూతకు పెడితే లోపలున్నదానికి ఎట్ల అందుతాది?"

"అన్నిటికీ?"

"ఒకటి గూడా వదల్లేదు సార్. గొట్టాలకు గూడా. దూది తీసి, లోపల పసుపు రాసి, మళ్లా దూది పెట్టినా."

"ఏ వేలుతో?"

"ఉంగరం వేలుతో."

"సాంబ్రాణి?"

"వేసినా."

"టెంకాయ?"

"మీ కుక్కరు మీద కొట్టినా సార్."

ఆయన గది మధ్యలో నిలబడి చెప్పులు తొడుక్కున్నాడు. ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ విప్పాడు. "అయితే లోపమేమీ లేదు" అన్నాడు.

రెండు రోజుల్లో సాసర్లన్నీ హోళీ ఆడాయి. గులాబీ రంగు, నలుపు, బూడిద, ఎవరివో తెలియని బూజులన్నీ వచ్చి కూర్చున్నాయి. నా గోళ్లలోవి, నా జుట్టులోవి, పసుపులోవి. వాటిల్లోంచి మనదాన్ని ఏరొచ్చట, కానీ నెలలు పడుతుందట. నేను అన్నం మానేసి గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కటి అనుంటే నేను కాస్త తక్కువ ఏడ్చేదాన్ని.

"ఏడవొద్దు పాపా. కాపీ ఉంది" అన్నాడు మూడో రోజు. మా అవ్వ దగ్గరికి పోయాడు. "అవ్వా, నేనిచ్చిన సీసా యాడ?"

అవ్వ ఎడమ భుజం మీదికి కొంగు లాక్కుంది. "ఏం సీసా?"

కొంగు కింద నల్లగుడ్డ తాయెత్తు. సీసాను గుడ్డలో పెట్టి కుట్టి, నల్లదారంతో మోచేతి పైన దండకు కట్టుకుంది.

"పానముంది, బద్రం అన్యావా ల్యాదా? బద్రంగా కట్టుకున్యా. కట్టుకున్న కాడినుంచి నా సేతి నొప్పి పోయింది. ఇప్పుడొచ్చి విప్పమంటే విప్పాల్నా?"

"దాంట్లో ఇసక, బూజు తప్ప ఏమీ ల్యాదవ్వా."

"తాయెత్తులో రాగిరేకు తప్ప ఏముంటాది? పనిసేస్తాదా ల్యాదా?"

"నీ నొప్పి పోయింది సీసాతో కాదు. సీసా పగులుతాదని ఆ సేత్తో రాట్నం తిప్పేది మానేసినావు. అందుకు."

"ఎందుకైతే ఏమప్పా? పోయింది గదా."

నిజం చెప్పాలంటే ఆ నొప్పి ఎక్కడికీ పోలేదు. రాట్నంతో పాటు నా భుజానికి వచ్చింది.

"ఇంగో మాట" అంది అవ్వ. "ఆ బూజు ఎవరిది? మా గంజికుండది. మా ఇంటి సొమ్ము నా సేతికి కట్టుకున్యా. నీ సొమ్మేం పోయింది?"

సార్ నేల మీద కూలబడ్డాడు. "చిటికెడియ్యి సాలు. మిగిలింది మళ్లా కుట్టుకో."

"చిటికెడు తీస్తే సత్తవ తగ్గదా?"

"ఇది బియ్యం కాదవ్వా తీస్తే తగ్గడానికి. చిటికెడు తీసి గంజి పెడితే వారానికి గంపెడైతాది. ఆ గంపెడులోంచి నీకు ఇంగో సీసా ఇస్తా. రెండో సేతికి కట్టుకో."

అవ్వ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "ఈ మధ్య కుడి మోసేయి గూడా లాగుతాంది" అంది.

దీపం ముందు కూర్చుని కుట్టు విప్పారు. "ఊపిరి!" అన్నాడు సార్. మా అవ్వ పుట్టాక మొదటిసారి మాట్లాడకుండా కూర్చుంది.

ఆరు రోజులు ఆయన ఆ సాసర్ల దగ్గరే కూర్చున్నాడు. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. పచ్చటి చుక్క లేచింది, తవుడు మీదికి ఎక్కింది, గురువారం తెల్లవారేసరికి బక్కెట్టు నిండా గోధుమ రంగు నీళ్లు దిగాయి.

సాహుకారు భారీ మనిషి. కారు దిగి చాచా తొట్ల దాకా రావడానికి రెండుచోట్ల ఆగి మోకాళ్లు పట్టుకున్నాడు. మా నాయన నేసిన దుప్పటిని నడిమికి చించి, సగం చాచా నీళ్లలో, సగం సార్ నీళ్లలో వేశారు. సాహుకారు మంత్రాలయం పోయి, దర్శనం చేసుకుని, పొద్దు వాలేవేళకు తిరిగి వచ్చాడు. వీధంతా చేరింది. సార్ రెండు సగాలూ తీసి, పిండి, పరిచి, టించరు సీసా ఎత్తి, వేలు పైకెత్తాడు.

"ఊపిరి!"

సాహుకారుతో సహా అందరం బిగబట్టాం.

చాచా సగం మీద చుక్క పడీ పడగానే నల్లటి నీలం. సార్ సగం మీద చుక్క ఎర్రగా పడింది. ఎర్రగానే ఉండిపోయింది.

"వాహ్!" అన్నాడు చాచా, తన ఓటమికి తనే చప్పట్లు కొట్టుకుంటూ.

సాహుకారు మాత్రం తల ఊపలేదు. "బాగుందప్పా. ఇది పానమున్న సరుకు. రేపు నా షెడ్డులో సచ్చిపోతే? అప్పుడు నిన్ను పెట్టుకుని నేనేం జేసుకోవాల?"

సార్ ఎత్తిన వేలు దించలేదు. ఇంకా ఊపిరి వదల్లేదేమో. మా అవ్వ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"సావదప్పా! ఇదో, ఈ పిల్ల పసుపు పెట్టి అంతా సంపేసింది. నా సేతి తాయెత్తులోంచి చిటికెడు తీస్తే మళ్లా లేచింది. వానాకాలం నుంచి నా దండకే ఉంది. ఇంగ నా సేతి నొప్పంటావా, రాట్నం ఎత్తి ఇసిరేస్తా ఇప్పుడు!"

సిగ్గుతో నేను నాయన వెనక దాక్కున్నాను. సాహుకారు అవ్వ దండ వైపు చూశాడు. తర్వాత తన మోకాలి వైపు చూసుకున్నాడు.

"మోకాలికి గూడా పనిసేస్తాదా అవ్వా?"

"అది మందు కాదు సార్" అన్నాడు బూజు సార్ గబగబా. "నొప్పికీ దానికీ సంబంధం ల్యాదు. ఆమె రాట్నం మానేసింది..."

"నువ్వు గమ్మునుండప్పా" అన్నాడు సాహుకారు. "షెడ్డు తీసుకో. సోమవారం వచ్చేయి. వచ్చేటప్పుడు నాకు రెండు సీసాలు."

సోమవారం సార్ రెండు సీసాలూ పట్టుకునే పోయాడు. అబద్ధం చెప్పలేదు. కట్టేటప్పుడు ఒక్క మాటే చెప్పాడట. "గాజు సీసా సార్. మెట్లెక్కితే పగులుతాది." మేడ మీద పడుకునే సాహుకారు కింద పడుకోవడం మొదలుపెట్టాడు. మోకాళ్లు కుదుటపడ్డాయి. అక్కణ్నుంచి ఆదోనిలో ఆయన చుట్టాలకు, చుట్టాల చుట్టాలకు, చాచా బేగంకు కూడా సీసాలు. తన బూజుకు ఇన్ని ఇళ్లలో కాపీలున్నవాడు ఇంకెవరూ ఉండరని సారే అనేవాడు.

సార్ పంపే నీళ్లతో కొన్నేళ్లు చాచా తొట్లు కంపు కొట్టలేదు. తర్వాత సాహుకారు కొడుకులు బొంబాయి నుంచి డబ్బాల్లో గంజి పోగొట్టే పొడి తెప్పించడం మొదలుపెట్టారు. సార్ దేవనకొండ పోయాడు. నేను పెళ్లై ఆదోని వచ్చేముందు నాకొక సీసా ఇచ్చాడు. "నొప్పులకు కాదు" అని మరీ చెప్పి ఇచ్చాడు.

కాంపౌండరు దగ్గర్నుంచి ఇంటికి వచ్చి, కట్టు కట్టిన వేలితోనే పెట్టె అడుగు నుంచి ఆ సీసా తీశాను. బజారుకు పోయి చైనా గ్రాసు తెచ్చుకున్నాను. కుక్కర్లో సాసరు పెట్టి మూడు విజిళ్లు వేయించాను. మా ఆయన పప్పనుకుని కంచం ముందు కూర్చున్నాడు. గంజి గడ్డకట్టాక, ఊపిరి బిగబట్టి, చిటికెడు ఇసుక రాల్చాను. సీసా మళ్లీ మూశాను.

రెండో రోజు ఏమీ లేదు. ఇన్నేళ్ల ఇసుక, చచ్చిపోయుంటుంది అనుకున్నాను. మూడో రోజు పొద్దున అంచున పచ్చటి చుక్క. దాన్ని కొత్త సాసరు మధ్యలో పెట్టి, ఇంకో నాలుగు రోజులు ఆగాను. టించరు పోసే ముందు కాపీ తీసి పెట్టుకున్నాను.

నీలంలో తెల్ల గుండ్రం తేలింది. గాజు తీసి దాని మీద పెట్టాను. నా చెయ్యి ఏం మారలేదు, అప్పటి సైజు గాజులే.

నూలుపోగంత తక్కువ.

కాపీ ఉన్న సాసరును దేవుడి గూట్లో పెట్టాను. పసుపు కుంకుమ తెచ్చి, ఈసారి మూత మీదే బొట్టు పెట్టాను.